పణం లేని పందెం: అంతర్జాలంలో సుమో ఊహాక్రీడలు – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

జపాన్ సంప్రదాయ మల్లక్రీడ అయిన సుమోను అనుసరించే అభిమానులు అంతర్జాలంలో ఆడుకునే ఊహాక్రీడల స్వరూపాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. రోజువారీ పోటీల విజేతలను ఊహించే ఆట, మల్లుల స్థానపట్టికను ఊహించే ఆట పైకి ఒకే కోవకు చెందినట్లు కనిపిస్తాయి. అయితే మొదటిది జరగబోయేదాన్ని, రెండవది జరిగిపోయి గోప్యంగా ఉన్న నిర్ణయాన్ని లక్ష్యం చేసుకుంటాయి. సొమ్ము ఒడ్డని ఈ ఆటలలో పణంగా నిలిచేది ఏమిటన్న ప్రశ్నను, 2010–11 నాటి జూద, కుమ్మక్కు వివాదాలను దృష్టిలో ఉంచుకొని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: సుమో, బంజుకె, ఊహాక్రీడ, పందెం, పణం, అభిమాన సముదాయం, క్రీడాసిద్ధాంతం.

ప్రవేశిక

తెలుగులో 'పందెం' అన్న మాటకు రెండు ముఖాలున్నాయి. పరుగుపందెంలో అది ఉత్త పోటీ. కోడిపందెంలో పోటీతోపాటు దానిమీద ఒడ్డిన సొమ్ము కూడా ఆ మాటలో ఇమిడిపోతుంది. క్రీడాఫలితాలను అంతర్జాలంలో ముందుగా ఊహించి చెప్పే ఆటలనగానే నేటి తెలుగు పాఠకునికి స్ఫురించేది ఈ రెండవ ముఖమే. క్రికెట్ పందేలు, వాటి వెంట వచ్చే అప్పులు దినపత్రికలకు నిత్యవార్తలు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ జూదనిరోధక చట్టాలను సవరించి సొమ్ముతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025లో పార్లమెంటు ఆమోదించిన చట్టం అటువంటి నిషేధాన్ని దేశవ్యాప్తం చేసింది. ఈ నేపథ్యంలో 'ఆన్‌లైన్‌లో ఫలితాలను ఊహించే ఆట' అన్న మాటే అనుమానాస్పదంగా వినబడటం సహజం.

సుమో అభిమానుల ఊహాక్రీడలు ఈ రెండు ముఖాలలో దేనికీ పూర్తిగా ఒదగవు. వీటిలో ఒక్క రూపాయి గాని, ఒక్క యెన్ గాని చేతులు మారదు. అయినా గెలుపోటములున్నాయి, స్థానభ్రంశం ఉంది, పరువు ఉంది, అప్పుడప్పుడు నిద్రలేని రాత్రులూ ఉన్నాయి. క్రీడాతత్త్వాన్ని చర్చించిన యొహాన్ హొయ్‌జింగ 'హోమో లుడెన్స్' (1938) గ్రంథంలో ఆటను భౌతిక ప్రయోజనంతో సంబంధం లేని స్వేచ్ఛావ్యాపారంగా నిర్వచించాడు. ఆ నిర్వచనం పందేలను, జూదాన్ని బయటనే వదిలేస్తుందని రోజే కయ్వా 1958లో వెలువరించిన గ్రంథంలో ఆక్షేపించాడు. ఆటలను నాలుగు తెగలుగా విభజిస్తూ ఆయన పోటీని, అదృష్టాన్ని, అనుకరణను, తల తిరిగే మైకాన్ని వేరువేరుగా చూపాడు. సుమో ఊహాక్రీడ ఈ నాలుగింటిలో మొదటి మూడింటినీ ఒకేచోట కలుపుకొంటుంది. నాలుగవది మాత్రం గోదాలోని మల్లునికే మిగిలిపోతుంది.

కాలచక్రం, పరిభాష

ఆట నియమాలను అర్థం చేసుకోవాలంటే వృత్తి సుమో నడిచే తీరును కొంత తెలుసుకోవలసి ఉంటుంది. ఏడాదికి ఆరు ప్రధాన పోటీసభలు జరుగుతాయి. వీటిని హొన్‌బషో అని, క్లుప్తంగా బషో అని పిలుస్తారు. జనవరి, మే, సెప్టెంబరు బషోలకు టోక్యో, మార్చికి ఒసాకా, జులైకి నగోయా, నవంబరుకు ఫుకుఒకా వేదికలు. ఆరు బషోల ఏర్పాటు 1958 నుంచి స్థిరపడింది. ఒక్కో బషో 15 రోజులు సాగుతుంది. అత్యున్నత శ్రేణి అయిన మకుఉచిలో 42 మంది, దాని కిందిదైన జూర్యోలో 28 మంది మల్లులుంటారు. ఈ రెండు శ్రేణుల వారు రోజుకొకటి చొప్పున 15 పోటీలలో పాల్గొంటారు.

మకుఉచిలో యొకొజున, ఓజెకి, సెకివకె, కొముసుబి అన్నవి పైనుంచి కిందికి బిరుదుస్థానాలు. మిగిలినవారు మయెగషిర 1, 2, 3 అంటూ అంకెల వరుసలో నిలుస్తారు. ప్రతి అంకెకూ తూర్పు, పడమర అని రెండు స్థానాలుంటాయి. వాటిలో తూర్పు ఒక పిసరు మిన్న. పదిహేనింట 8 గెలిస్తే 'కచికొషి', 8 ఓడితే 'మకెకొషి'. మొదటిది స్థానోన్నతికి, రెండవది స్థానపతనానికి దారి తీస్తుంది. ఓజెకికి మాత్రం ఒక్క మకెకొషితో పదవి పోదు. వరుసగా రెండు వస్తే పోతుంది. యొకొజునకు పతనమన్నదే లేదు, ఉన్నది విరమణ ఒక్కటే. ఈ స్థానాలన్నింటినీ ప్రకటించే పట్టికే బంజుకె. పోటీనిర్ణేతగా వ్యవహరించే గ్యోజి దాన్ని కుంచెతో, సుమోకే ప్రత్యేకమైన లిపిశైలిలో స్వహస్తంతో రాస్తాడు. దాని అచ్చుప్రతులే లోకానికి అందుతాయి. పై స్థానాల పేర్లు పెద్ద అక్షరాలతో, కిందికి పోయేకొద్దీ చిన్నవవుతూ ఉంటాయి. అట్టడుగు పేర్లను చదవడానికి భూతద్దం కావాలి.

జపనీయ పదాల లిప్యంతరీకరణ గురించి ఒక మాట. ఆ భాషలోని హ్రస్వ ఎ, ఒలకు, దీర్ఘ ఏ, ఓలకు తెలుగు లిపిలో వేరువేరు అక్షరాలు సహజంగా ఉన్నాయి. 'ఓజెకి'లోని మొదటి దీర్ఘమూ తరువాతి హ్రస్వమూ తెలుగులో చెక్కుచెదరకుండా నిలుస్తాయి. మన 'మల్లుడు', 'గోదా' అన్న మాటలను ఈ వ్యాసంలో యథాతథంగా వాడటం జరిగింది. అయితే సుమో గోదా మట్టితో ఎత్తుగా కట్టిన వేదిక. దానిపై 4.55 మీటర్ల వ్యాసం గల వలయం ఉంటుంది. అరికాళ్లు తప్ప శరీరంలో మరే భాగం నేలకు తాకినా, వలయం దాటి అడుగు పడినా ఓటమే. చాలా పోటీలు కొద్ది సెకన్లలోనే ముగిసిపోతాయి.

రేపటి పోటీ

ఊహాక్రీడలలో మొదటి తెగ రోజువారీ ఫలితాలకు సంబంధించినది. క్రికెట్, ఫుట్‌బాల్ పోటీలకు నెలల ముందే కార్యక్రమం సిద్ధమవుతుంది. సుమోలో అలా కాదు. తొలి రెండు రోజుల జతలను మాత్రమే బషోకు ముందు ప్రకటిస్తారు. ఆ తరువాత ఏ రోజు ఎవరు ఎవరితో తలపడాలన్నది దాని ముందురోజు నిర్ణయిస్తారు. ఎవరు గెలుస్తూ వస్తున్నారో చూసి, వారిని బలమైన ప్రత్యర్థులకు ఎదురు నిలుపుతారు. ఒకే శిక్షణశాలకు చెందిన మల్లులు, అన్నదమ్ములు, అగ్రస్థానం కోసం జరిగే అదనపు పోటీలో తప్ప, పరస్పరం తలపడరు. అందుచేత ఊహించేవారికి పదిహేను రోజుల పాటు ప్రతిరోజూ కొత్త ప్రశ్నపత్రం అందుతుంది. మకుఉచి పోటీలు జపాన్‌లో సాయంత్రం 6 గంటలకు ముగుస్తాయి. హైదరాబాదులో అది మధ్యాహ్నం 2.30, అమెరికా తూర్పు తీరంలో తెల్లవారుజాము. ఆట గడువు ఆ పోటీలు మొదలుకాకముందే ముగుస్తుంది గనుక, కొందరు పడుకోబోయే ముందు, మరికొందరు ఉదయం పనికి బయలుదేరే ముందు తమ ఊహలను నమోదు చేస్తారు.

విజేతను ఊహించి మార్కు కొట్టడం ఇంతేనా అన్న సందేహానికి హకుహో ఉదాహరణ సమాధానమవుతుంది. మంగోలియాలో పుట్టిన ఈ యొకొజున 2010 జనవరి బషో 14వ రోజు నుంచి నవంబరు బషో మొదటి రోజు దాకా వరుసగా 63 పోటీలు గెలిచాడు. ఆ పది నెలలూ అతని పేరు రాసినవారందరికీ 63 సార్లు మార్కు వచ్చి ఉండేది. అందులో జ్ఞానమేమీ లేదు. నవంబరు బషో రెండవ రోజున కిసెనొసతొ అతనిని ఓడించాడు. ఆ ఒక్క ఫలితాన్ని ముందుగా చెప్పగలగడంలోనే ఉంది అసలు పరీక్ష. ఈ చిక్కును గుర్తించిన నిర్వాహకులు ఆటలను రకరకాలుగా మలిచారు. ఒకచోట ఒక మల్లుని బషోలో ఒక్కసారే ఎంచుకోవాలి. మరొకచోట కింది స్థానం వాడు పై స్థానం వాడిని ఓడిస్తాడని చెప్పినవారికి ఎక్కువ మార్కులు. వేరొకచోట ఇద్దరు ఆటగాళ్లను జతచేసి, ఆ రోజు ఎవరి ఊహలు ఎక్కువ ఫలిస్తే వారే గెలిచినట్లు లెక్కిస్తారు. నియమమేదైనా ఉద్దేశం ఒక్కటే: అందరికీ తెలిసినది చెప్పినందుకు ప్రతిఫలం ఉండకూడదు.

ఊహించేవారు సాధారణంగా ఆధారపడేవి కొన్ని ఉన్నాయి. ఆ ఇద్దరు మల్లుల మధ్య గతంలో జరిగిన పోటీల లెక్క మొదటిది. అధికారికంగా గుర్తించిన గెలుపు పట్లు 82. వాటిలో ఎవరు వేటిని ఎక్కువగా వాడతారన్నది రెండవది: ఒకరు ప్రత్యర్థి నడికట్టు పట్టుకుంటేనే బలవంతులు, మరొకరు పట్టు దొరకనివ్వకుండా అరచేతులతో నెట్టుకుపోతారు. అన్నిటికన్నా చిక్కైనది గాయాల సంగతి. శిక్షణశాలలు గాయాన్ని గురించి పెదవి విప్పకపోవడమే రివాజు. మోకాలి చుట్టూ కొత్తగా వచ్చిన కట్టు, గోదా దిగేటప్పుడు తడబడిన అడుగు వంటి చిన్న సూచనలను అభిమానులు ఒకరితో ఒకరు చెప్పుకుంటారు.

2024 మార్చిలో ఒసాకాలో జరిగిన సంఘటన ఈ విద్య పరిమితిని చూపుతుంది. మకుఉచిలో తొలిసారి అడుగుపెట్టిన తకెరుఫుజి మొదటి 11 రోజులూ వరుసగా గెలిచాడు. 14వ రోజున ఓడి, కుడి చీలమండకు గాయమై, ఆసుపత్రికి వెళ్లవలసి వచ్చింది. చివరి రోజున అతను గోదా ఎక్కుతాడా అన్నదే మొదటి ప్రశ్న. ఎక్కితే నిలబడతాడా అన్నది రెండవది. లెక్క ప్రకారం అతని ప్రత్యర్థి గొనొయమ పేరు రాయడమే సబబు. తకెరుఫుజి వచ్చాడు, గెలిచాడు, 13–2తో అగ్రవిజేత అయ్యాడు. మకుఉచిలో ప్రవేశించిన బషోలోనే అగ్రస్థానం పొందడం 1914 తరువాత, అంటే 110 ఏళ్లకు, అదే మొదటిసారి. అతని గెలుపును కోరుకుంటూనే ఓటమిని రాయవలసిరావడం ఈ ఆటలో తరచు ఎదురయ్యే స్థితి. అభిమానికీ ఊహించేవారికీ మధ్య ఈ చీలిక ఒకే మనిషిలో ఏర్పడుతుంది. అభిమానం ప్రకారం రాసేవారిని ఎవరూ తప్పుపట్టరు గాని, ఆ బషో చివర వారి స్థానం ఎక్కడుంటుందో అందరికీ తెలుసు.

దాచిన పట్టిక

రెండవ తెగ ఊహాక్రీడ పరిశోధకుల దృష్టిలో మరింత ఆసక్తికరమైనది. ఒక బషో ఆదివారం ముగుస్తుంది. తరువాతి బషోకు బంజుకెను నిర్ణయించే సమావేశం బుధవారం జరుగుతుంది. కాని పట్టిక అప్పుడే వెలువడదు. కొత్త బషో ప్రారంభానికి 13 రోజుల ముందు, సోమవారం నాడు ప్రకటిస్తారు. మధ్యనున్న వారాలలో నిర్ణయం అయిపోయి, గ్యోజి దాన్ని రాస్తూ ఉంటాడు గాని బయటివారికి తెలియదు. ఈ వ్యవధిలోనే అభిమానులు మకుఉచి పట్టికను తామే కూర్చి సమర్పిస్తారు. ప్రసిద్ధమైన ఒక పద్ధతిలో అంకె, దిక్కు రెండూ సరిపోతే ఒక్కో మల్లునికి 2 మార్కులు, అంకె సరిపోయి దిక్కు తప్పితే 1 మార్కు. 42 మందికి గరిష్ఠంగా 84.

దీన్ని జోస్యం అనడం సరికాదు. జోస్యం జరగబోయేదాని గురించి చెబుతుంది. ఇక్కడ పట్టిక ఇప్పటికే ఉంది. దొరకని మూలప్రతిని అందుబాటులో ఉన్న ప్రతుల నుంచి పునర్నిర్మించే గ్రంథపరిష్కర్త శ్రమకు ఇది దగ్గరగా ఉంటుంది. పాఠాంతరాలను తూచి, పూర్వోదాహరణలను వెదికి, 'ఇక్కడ ఇదే పాఠం ఉండి ఉండాలి' అని పరిష్కర్త నిర్ణయిస్తాడు. బంజుకెను ఊహించేవారు చేసేదీ అదే. భేదమొక్కటే: పరిష్కర్తకు మూలప్రతి సాధారణంగా ఎన్నటికీ దొరకదు, వీరికి మాత్రం నిర్ణీత సోమవారం నాడు అది ఎదుటికి వచ్చి నిలుస్తుంది.

ఊహకు మొదటి ఆధారం ఒక స్థూలసూత్రం. గెలుపులలో నుంచి ఓటములను తీసివేస్తే వచ్చే అంకె ఎంతో, మల్లుడు సుమారు అన్ని మెట్లు ఎక్కుతాడు లేదా దిగుతాడు. మయెగషిర 8లో ఉన్నవాడు 10–5 సాధిస్తే తేడా 5. అతను మయెగషిర 3 దగ్గరికి చేరాలి. ఈ సూత్రం ఎంతవరకు పనిచేస్తుందో మూడు ఉదాహరణలతో చూడవచ్చు. మూడింటిలోనూ మల్లుడు మయెగషిర 17లో ఉండి అగ్రవిజేత అయ్యాడు. 2020 జనవరిలో తొకుషోర్యు 14–1 సాధించాడు. తేడా 13, సూత్రప్రకారం మయెగషిర 4. దక్కినది మయెగషిర 2 పడమర. 2020 జులైలో తెరునొఫుజి 13–2 సాధించాడు. తేడా 11, సూత్రప్రకారం మయెగషిర 6. దక్కినది మయెగషిర 1 తూర్పు. 2024 మార్చిలో తకెరుఫుజిదీ అదే స్థానం, అదే 13–2. అతనికి దక్కినది సరిగ్గా మయెగషిర 6 తూర్పు.

ఒకే చోటి నుంచి ఒకే ఫలితంతో బయలుదేరిన ఇద్దరి మధ్య ఐదు మెట్ల తేడా వచ్చింది. ఒక గెలుపు ఎక్కువ ఉన్న తొకుషోర్యు కూడా తెరునొఫుజి కన్నా దిగువనే నిలిచాడు. తెరునొఫుజి ఒకప్పుడు ఓజెకిగా ఉండి, గాయాలు, అనారోగ్యం వల్ల కింది శ్రేణులకు జారి, తిరిగి పైకి వచ్చినవాడు. కాని పూర్వవైభవానికి బంజుకెలో లెక్క లేదు. తేడాకు కారణాన్ని చాలావరకు ఇతరుల ఫలితాలలో వెదకవలసి ఉంటుంది. పట్టిక 42 గదుల పేటిక వంటిది. పై గదులలోని వారు ఓడి ఖాళీ చేస్తేనే కిందివారికి చోటు దొరుకుతుంది. పైవారంతా గెలిస్తే ఎంత గెలిచినవాడైనా ఆగిపోవలసిందే. ఏ మల్లుడూ తన ఫలితంతో మాత్రమే స్థానం పొందడు. స్థానాలు నిర్ణయించే పెద్దలు తమ కారణాలను ప్రకటించరు గనుక, ఈ వాదమంతా పట్టికల నుంచే రాబట్టుకోవాలి.

ఇరుకు ఎక్కువగా ఏర్పడేది సెకివకె, కొముసుబి స్థానాల వద్ద. ఈ రెండింటిలోనూ కనీసం ఇద్దరేసి ఉండాలి. ఎక్కువమంది ఉండటానికి ఆటంకం లేదు గాని సమితి అందుకు అంత సులభంగా ఒప్పుకోదు. మయెగషిర 1లో ఉండి 8–7 సాధించినవానికి పైన ఖాళీ లేకపోతే నిరాశే. అదనపు గది తెరుస్తారా లేదా అన్నదే ప్రతి పర్యాయం ఊహించేవారి మధ్య పెద్ద చర్చ. 7–8తో స్వల్పంగా ఓడినవాడు దిగవలసిందే అన్నది ఒకప్పటి బలమైన నమ్మకం. ఇటీవలి సంవత్సరాలలో అటువంటివారు అదే స్థానంలో నిలిచిన పట్టికలు వచ్చాయి. అంటే సమితి అభిరుచి కూడా కాలంతోపాటు మారుతోంది. పాత ఉదాహరణలను కంఠస్థం చేసినవారు ఇక్కడే దెబ్బతింటారు.

పూర్తి గోప్యత కూడా లేదు. కొత్త యొకొజున, ఓజెకిల పేర్లను, జూర్యోకు కొత్తగా ఎక్కేవారి పేర్లను బుధవారమే ప్రకటిస్తారు. జూర్యోకు ఎందరు ఎక్కారో తెలిస్తే అక్కడి నుంచి ఎందరు దిగారో, ఎందరు విరమించారో లెక్క కట్టవచ్చు. ఆ లెక్కను పట్టుకొని మకుఉచి అడుగుభాగాన్ని కొంతవరకు ఊహించవచ్చు. ఆటగాళ్లు ఈ సూచనలను ఎంత శ్రద్ధగా వాడుకుంటారో చెప్పడానికి ఒక విషయం చాలు. ఆంగ్లంలో సుమో గణాంకాలకు నేడు అందరూ ఆశ్రయించే 'సుమో రిఫరెన్స్' దత్తాంశనిధి అంతర్జాల చిరునామాలోనే 'సుమోగేమ్స్' అన్న మాట ఉంది. ఆటా, గణాంకనిధీ ఒకే పెరటిలో పెరిగాయన్నమాట.

ఆటగాళ్ల బంజుకె

పలు ఊహాక్రీడలలో ఆటగాళ్లు తమకొక 'షికొన', అంటే మల్లనామం, పెట్టుకుంటారు. కొండను సూచించే 'యమ', సముద్రాన్ని సూచించే 'ఉమి', పర్వతనామమైన 'ఫుజి' చివర చేరి ఈ పేర్లు తయారవుతాయి. వారికీ ఒక బంజుకె ఉంటుంది. కొత్తగా వచ్చినవారు అట్టడుగున చేరి, కచికొషి సాధిస్తూ పైకి వస్తారు. ఊహలు పంపడం మరచిపోతే గైర్హాజరీ కింద ఓటమి రాస్తారు. ఎదుటివానికి పోటీ లేకుండానే గెలుపు దక్కుతుంది. సుమోలోని నియమాలన్నీ ఇక్కడ అనుకరణగా తిరిగి ప్రత్యక్షమవుతాయి. కయ్వా వేరుచేసి చూపిన పోటీ, అనుకరణ ఇక్కడ విడదీయరానివి.

కాని ఈ అనుకరణ రెండు చోట్ల మూలాన్ని దాటుతుంది. సుమోలో స్త్రీకి గోదా ఎక్కే అర్హత లేదు. 2018 ఏప్రిల్‌లో మయిజురు పట్టణంలో నగరాధ్యక్షుడు గోదాపై ప్రసంగిస్తూ కుప్పకూలినప్పుడు, ప్రాథమిక చికిత్స చేస్తున్న స్త్రీలను కిందికి దిగమని ప్రకటించడం, తరువాత సుమో సంఘాధ్యక్షుడు క్షమాపణ చెప్పవలసిరావడం ప్రపంచమంతటా చర్చకు వచ్చాయి. అలాగే ఒక్కో శిక్షణశాలలో విదేశీ మల్లుడు ఒక్కడే ఉండాలన్న పరిమితి 2002 నుంచి ఉంది. ఊహాక్రీడ బంజుకెలో ఈ రెండు గోడలూ లేవు. షికొన వెనుక ఉన్నది ఏ దేశపు మనిషో, స్త్రీయో పురుషుడో పట్టికకు తెలియదు. మూలంలో ఎన్నటికీ సాధ్యపడని యొకొజున పదవి ఇక్కడ ఎవరికైనా సాధ్యమే. దీన్ని అభిమానులు ఉద్యమంగా చెప్పుకోరు. అయినా అనుకరణ మూలాన్ని ఎక్కడ అనుసరించిందో, ఎక్కడ నిశ్శబ్దంగా వదిలేసిందో గమనించడం పరిశోధకుని పని.

ఈ సముదాయాలలో కనిపించే స్నేహభావాన్ని సభ్యుల మంచితనానికి మాత్రమే ఆపాదించడం పొరపాటు. దానికి ఆట నిర్మాణంలోనే మూలాలున్నాయి. సొమ్ము ఒడ్డిన చోట సమాచారం సరుకవుతుంది; గాయం సంగతి తెలిసినవాడు దాన్ని దాచుకుంటాడు. సొమ్ము లేని చోట అదే సమాచారాన్ని పంచుకోవడం వల్ల పరువు పెరుగుతుంది. ఫలానా మల్లుని మోకాలు బాగా లేదని మొదట గుర్తించి అందరికీ చెప్పినవారు ఆ రోజు ఓడినా గౌరవం పొందుతారు. పైగా జతలుగా ఆడే ఆటలలో ప్రతిరోజూ సగంమంది ఓడక తప్పదు. ఎవరి ఓటమీ వింత కాదు. రెండు నెలలకొకసారి కొత్త బషో వస్తుంది గనుక ఏ పతనమూ శాశ్వతం కాదు. మార్కులు లెక్కించి పట్టికలు కూర్చేవారు వేతనం లేకుండా పనిచేస్తారు. వారి లెక్కలో పొరపాటు దొరికితే ఆటగాళ్లే సరిచేస్తారు.

అయితే స్నేహం ఉన్నంత మాత్రాన అంతస్తు లేదనుకోరాదు. బంజుకె అంటేనే అంతస్తు. పదేళ్లుగా ఆడుతున్నవారి మాటకు ఉండే బరువు కొత్తవారి మాటకు ఉండదు. జపనీయం చదవగలిగినవారికి శిక్షణశాలల వార్తలు ముందుగా అందుతాయి. ఈ అసమానతలు సొమ్ముగా మారకపోవడం వల్ల భరించదగినవిగా ఉన్నాయే తప్ప, లేకుండా పోలేదు.

చివరి రోజు సందిగ్ధం

జపాన్ శిక్షాస్మృతి 185వ అధికరణం జూదాన్ని నేరంగా పరిగణిస్తుంది. గుర్రపు, సైకిలు, మోటారుపడవ, మోటారుసైకిలు పందేలకు చట్టబద్ధమైన మినహాయింపు ఉంది, సుమోకు లేదు. అయినా జూదం సుమోను తాకకుండా పోలేదు. 2010లో పలువురు మల్లులు వృత్తి బేస్‌బాల్ పోటీలపై అక్రమంగా పందేలు కాసినట్లు బయటపడింది. ఓజెకి కొతొమిత్సుకి బహిష్కృతుడయ్యాడు. ఆ ఏడాది జులై బషోను ఎన్.హెచ్.కె. ప్రత్యక్షప్రసారం చేయలేదు. ఆ దర్యాప్తులో పోలీసులు స్వాధీనం చేసుకున్న చరవాణులలోని సందేశాలు అంతకన్నా పెద్ద విషయాన్ని బయటపెట్టాయి. కొందరు మల్లులు గెలుపోటములను ముందే మాట్లాడుకొని కొనుక్కున్నారు. ఈ కుమ్మక్కును జపనీయంలో 'యవొచో' అంటారు. 2011 మార్చి బషో రద్దయింది. 1946 తరువాత బషో రద్దు కావడం అదే మొదటిసారి. ఇరవై మందికి పైగా సుమో నుంచి తొలగవలసి వచ్చింది.

ఊహాక్రీడలకు ఈ వివాదం కలిగించిన నష్టం పైకి కనిపించే దానికన్నా లోతైనది. ఇద్దరు మల్లులు ముందే ఒప్పందం చేసుకుంటే, వారి పాత లెక్కలను, పట్లను, గాయాలను అధ్యయనం చేసినవారి శ్రమ అంతా గాలికి పోతుంది. జూదరి పోగొట్టుకునేది సొమ్ము. వీరు పోగొట్టుకునేది తాము చదువుతున్నది నిజమైన పాఠమేనన్న విశ్వాసం. సొమ్ము లేని ఆటలో పణంగా నిలిచేది ఇదే.

ఈ సందేహానికి గణాంక రూపం ఇచ్చినది మార్క్ డగ్గన్, స్టీవెన్ లెవిట్‌ల అధ్యయనం. 1989 జనవరి నుంచి 2000 జనవరి దాకా జరిగిన బషోల ఫలితాలను విశ్లేషించి 2002లో 'అమెరికన్ ఎకనామిక్ రివ్యూ'లో వారు దాన్ని ప్రచురించారు. చివరి రోజున 7–7తో ఉన్న మల్లునికి ఒక్క గెలుపుతో కచికొషి వస్తుంది. 8–6తో ఉన్న ప్రత్యర్థికి అది ఇప్పటికే దక్కింది. అటువంటి పోటీలలో 7–7 మల్లుడు గెలవవలసిన శాతం పూర్వ ఫలితాలను బట్టి 48.7 కాగా, నిజంగా గెలిచినది 79.6 అని లెవిట్ తన 'ఫ్రీకనామిక్స్' (2005) గ్రంథంలో చూపాడు. అవసరం ఉన్నవాడు గట్టిగా పోరాడి ఉండవచ్చు గదా అన్న సమాధానం ఒకటుంది. అయితే ఆ ఇద్దరే తరువాతి బషోలో తలపడినప్పుడు అదే మల్లుని గెలుపు 40 శాతం దగ్గరికి పడిపోయింది. పట్టుదలే కారణమైతే ఈ పతనానికి వివరణ దొరకదు. అప్పు తీర్చినట్లుందన్నదే రచయితల సూచన.

ఊహించేవారికి ఇది గడ్డు ప్రశ్న. చివరి రోజున 7–7 మల్లుని పేరు రాస్తే మార్కు వచ్చే అవకాశం, కనీసం ఆ పాత లెక్క ప్రకారం, చాలా ఎక్కువ. కాని ఆ మార్కు దేనికి వచ్చినట్లు? మల్లుని బలాన్ని చదివినందుకా, అతని నిజాయితీని శంకించినందుకా? సొమ్ము ఒడ్డినవానికి ఈ ప్రశ్న ఉండదు. ఏ దారినైనా గెలిస్తే చాలు. ప్రీతి కోసం ఆడేవారికి మాత్రం ప్రతి బషో చివరి ఆదివారమూ ఇది ఎదురవుతుంది. 7–7 పేరు రాయడం కేవలం పట్టుదల మీది నమ్మకమని కొందరు సమాధానపడతారు. అది తప్పుడు సమాధానమని చెప్పడానికి ఆధారం లేదు. ఒక్క పోటీని చూసి ఏది పట్టుదలో, ఏది ఒప్పందమో తేల్చడం ఎవరి తరమూ కాదు. డగ్గన్, లెవిట్‌లు చూపినది కూడా వందలాది పోటీల సగటునే తప్ప, ఫలానా పోటీ ఫలానా విధంగా జరిగిందని కాదు.

ఇటీవలి బషోలలో జతలు కూర్చే పెద్దలు చివరి రోజున 7–7తో ఉన్న ఇద్దరినీ ఒకరికొకరు ఎదురుగా నిలిపే ఏర్పాటు తరచు కనిపిస్తోంది. ఇద్దరికీ గెలుపు సమానంగా అవసరం. ఇద్దరిలో ఒకరికి కచికొషి, మరొకరికి మకెకొషి తప్పవు. అటువంటి పోటీ ముందు పాత శాతాలేవీ అక్కరకు రావు. ఊహించేవారు మళ్లీ ఎవరి పట్టు నడికట్టుకు ముందు అందుతుంది, ఎవరి మోకాలికి నిన్న కొత్త కట్టు వచ్చింది అన్న ప్రశ్నల దగ్గరికే తిరిగి రావలసి ఉంటుంది.